కల్లం నుంచి కాలమ్ దాకా

టేకుమట్ల మండలం 2016లో పుట్టింది. అంతకు ముందు ఆ ఊళ్లు చిట్యాల మండలం కింద, వరంగల్ జిల్లాలో ఉండేవి. ఇప్పుడది జయశంకర్ భూపాలపల్లి జిల్లా. ఒక పక్క మానేరు, ఇంకో పక్క చలివాగు, నడుమ పత్తి, వరి, మిర్చి చేలు. జిల్లా పేరు మారింది గానీ మిర్చి బస్తా పోయే దారి మారలేదు. అది వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌కే పోతుంది.

ఎనుమాములలో పొద్దున్నే జెండా పాట. ఆ రోజు వచ్చిన సరుకులో మేలైన రాశికి పాడిన ధర అది. మిగతా రాశులన్నీ అక్కణ్నుంచి కిందికి జారుతూ పోతాయి. ఏది ఎంత జారాలో తేల్చేది వ్యాపారి చెయ్యి. బస్తాలోంచి గుప్పెడు కాయలు తీస్తాడు. కాయను వంచుతాడు, విరిగితే ఎండినట్టు, వంగితే తేమ ఉన్నట్టు. చెవి దగ్గర ఆడించి గింజల చప్పుడు వింటాడు. రంగు చూస్తాడు, తొడిమ చూస్తాడు, తాలు ఎంత కలిసిందో చూస్తాడు. ఏడాది కష్టానికి విలువ కట్టడానికి అర నిమిషం చాలు.

ఆ చెయ్యి తక్కువదేం కాదు. తరాల అనుభవం దానిలో ఉంది. కానీ బూజు వదిలిన విషం దానికి అందదు. పొడిలో కలిసిన దొంగ రంగు అందదు. పిచికారీ చేసిన మందు కాయలో ఎంత మిగిలిందో అసలే అందదు. వీటిని పట్టుకునే యంత్రాల చరిత్ర ఒక విధంగా తలకిందుల చరిత్ర. పొలంలో మొదలై ఓడరేవుకు చేరాల్సింది, ఓడరేవులోనే మొదలైంది. దూరదేశపు ప్రయోగశాలల నుంచి ఒక్కో మజిలీ వెనక్కి నడుచుకుంటూ గుంటూరు దాకా, హైదరాబాద్ దాకా వచ్చింది. కల్లం దాకా ఇంకా రాలేదు.

కాకతీయుల ఓరుగల్లులో మిరపకాయ లేదు. ఈ మాట మిర్చి రైతుకు చెబితే నమ్మడు. వంటకు కారం మిరియాలతోనే వచ్చేది. గణపతిదేవుడు మోటుపల్లి రేవులో 1244 ప్రాంతంలో వేయించిన అభయ శాసనంలో సుంకం కట్టాల్సిన సరుకుల మధ్య మిరియాలు ఉన్నాయి. మిరప అమెరికా ఖండాల మొక్క. పదహారో శతాబ్దంలో పోర్చుగీసు ఓడల మీద ఈ దేశానికి వచ్చింది. వచ్చాక మిరియాన్ని ఎంత తొందరగా పక్కకు నెట్టిందంటే, నాలుగైదు వందల ఏళ్ల కిందటి అతిథి అన్న సంగతే జనం మరిచిపోయారు.

కారంపొడితో పాటు కల్తీ కూడా పుట్టింది. ఎండుకాయ ఎండకు, నిల్వకు రంగు పోగొట్టుకుంటుంది. కొనేవాడికి ఎరుపు కావాలి. 1820లో లండన్‌లో ఫ్రెడరిక్ ఆక్యుమ్ అనే రసాయనవేత్త ఆహార కల్తీల మీద ఒక పుస్తకం వేసి, కారంపొడిలో సీసపు ఎరుపు కలుపుతున్నారని బయటపెట్టాడు. ఆ తర్వాత నూట ఎనభై ఏళ్లకు అదే లండన్‌లో అదే తగువు మళ్లీ లేచింది. దాని సంగతి తర్వాత.

కారాన్ని కొలవడం మొదట నాలుక పనే. కారానికి మూలమైన పదార్థాన్ని 1876లో జాన్ థ్రెష్ అనే ఆంగ్లేయుడు స్ఫటికాలుగా విడదీసి క్యాప్సైసిన్ అని పేరు పెట్టాడు. 1912లో అమెరికాలోని డెట్రాయిట్‌లో ఒక మందుల కంపెనీలో పనిచేసే విల్బర్ స్కోవిల్ కొలత కనిపెట్టాడు: మిర్చి సారాన్ని చక్కెర నీళ్లలో కలిపి, కారం తెలియకుండా పోయేదాకా పలచన చేస్తూ కొందరి చేత రుచి చూపించడం. ఎన్ని రెట్లు పలచన చేస్తే కారం మాయమవుతుందో అన్ని స్కోవిల్‌లు. ఆ రుచి చూసినవాళ్ల పేర్లు మనకు తెలియవు గానీ, పతకం ఇవ్వాల్సింది వాళ్లకే. మనిషికో నాలుక, పూటకో రుచి. అందుకే కొన్ని దశాబ్దాల తర్వాత ఆ పని లిక్విడ్ క్రొమాటోగ్రఫీకి అప్పగించారు. ఇప్పుడు యంత్రం క్యాప్సైసిన్‌ను పీపీఎంలలో కొలుస్తుంది; దాన్ని సుమారు 16తో హెచ్చిస్తే స్కోవిల్ వస్తుంది.

ఆ యంత్రం పుట్టుక సుద్దపొడిలో ఉంది. 1903లో వార్సాలో మిఖాయిల్ త్స్వెత్ అనే వృక్షశాస్త్రవేత్త ఒక గాజు గొట్టంలో సుద్దపొడి నింపి, ఆకుల రసం పైనుంచి పోశాడు. ఒకే పచ్చరంగు అనుకున్నది పచ్చ, పసుపు పట్టీలుగా విడిపోయింది. మేడారం జాతరకు ఒకే బస్సు దిగిన జనంలో ప్రతి కొట్టు దగ్గరా ఆగేవాళ్లు వెనకబడతారు, ఎటూ చూడకుండా నడిచేవాళ్లు ముందే గద్దెలకు చేరతారు. గొట్టంలో జరిగిందీ అదే. సుద్దను అంటుకునే పదార్థం పైనే ఆగింది, అంటుకోనిది కిందికి దిగింది. అప్పటి పెద్ద రసాయనవేత్తలు దీన్ని లెక్కచేయలేదు. త్స్వెత్ 1919లో చనిపోయేనాటికి ఆ పద్ధతి దాదాపు మరుగున పడింది.

దాన్ని మళ్లీ లేపినవాళ్లలో ఒకడు హంగరీలోని పేచ్ నగరంలో పనిచేసిన లాస్లో జెక్‌మైస్టర్. అతని చేతిలో ఉన్న సరుకు మిరపకాయే. హంగరీవాళ్లు పాప్రికా అనే ఎర్రమిర్చికి ఎరుపునిచ్చే రంగు పదార్థాన్ని, క్యాప్సాంథిన్‌ను, అతను తన సహచరుడు చోల్‌నొకితో కలిసి 1927లో వేరు చేశాడు. 1937లో చోల్‌నొకితోనే కలిసి క్రొమాటోగ్రఫీ మీద తొలి పెద్ద గ్రంథాల్లో ఒకటి రాశాడు. అంటే మిరపను పరీక్షించే విద్య ఎదగడంలో మిరపకూ వాటా ఉంది. 1960ల్లో గాజు గొట్టం స్థానంలో ఉక్కు కాలమ్, సుద్ద స్థానంలో సన్నటి సిలికా రేణువులు, చుక్కచుక్కగా కారే చోట గట్టిగా తోసే పంపు వచ్చాయి.

బూజు సంగతి వేరే దారిలో బయటపడింది. 1960లో ఇంగ్లండులో దాదాపు లక్ష టర్కీ కోళ్లు ఏ రోగమో తెలియకుండా చచ్చిపోయాయి. వాటి దాణాలో బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్క ఉంది; ఆ చెక్కలో బూజు విషం. దానికి అఫ్లటాక్సిన్ అని పేరొచ్చింది. 1974లో గుజరాత్, రాజస్థాన్ సరిహద్దు గిరిజన గూడేల్లో వానకు తడిసిన మక్కలు తిన్నవాళ్లకు కామెర్లు వచ్చాయి. 397 మంది జబ్బుపడితే 106 మంది చనిపోయారు. అది అఫ్లటాక్సిన్ పనేనని తేల్చింది హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు, కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి బృందం. 1975లో లాన్సెట్‌లో వచ్చిన ఆ వ్యాసాన్ని ప్రపంచమంతా ఇప్పటికీ ఉదహరిస్తుంది.

మిర్చి వంతు ఆలస్యంగా వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని మార్కెట్ యార్డులు, కోల్డ్ స్టోరేజీల నుంచి సేకరించిన 182 నమూనాల మీద శాస్త్రవేత్తలు చేసిన అధ్యయనం 2001లో అచ్చయింది. 59 శాతం నమూనాల్లో అఫ్లటాక్సిన్ బి1 కనిపించింది; 18 శాతంలో అది అప్పటి పరిమితి, కిలోకు 30 మైక్రోగ్రాములు, దాటింది. అన్నిటికన్నా ఎక్కువ, 969 మైక్రోగ్రాములు, మూడో గ్రేడ్ కాయల్లో బయటపడింది. మూడో గ్రేడ్ అంటే రైతు భాషలో తాలు: తెల్లబారిన, మచ్చపడిన, పగిలిన కాయ. ఎనుమాముల వ్యాపారి చెయ్యి ఏ కాయను పక్కకు తోస్తుందో, పరీక్షా దాన్నే పట్టుకుంది. చెయ్యికీ ప్రయోగశాలకూ మాట కలిసిన అరుదైన చోటు ఇది. అయితే తాలును ఎవరూ పారేయరు. తక్కువ ధరకు కొంటారు, పొడి కొడతారు. పొడి అయ్యాక ఏ కాయ ఏదో చెప్పగల కన్ను లేదు.

2003 మేలో ఫ్రాన్స్‌లో తనిఖీ అధికారులకు భారతదేశం నుంచి వచ్చిన కారంపొడి సరుకులో సూడాన్-1 అనే రంగు దొరికింది. నూనెలకు, మైనాలకు, బూటు పాలిష్‌కు వాడే రంగు అది, ఆహారంలో నిషిద్ధం. ఆ జూన్‌లోనే ఐరోపా సంఘం ఆ రంగు లేదన్న ధ్రువపత్రం ఉంటేనే మిర్చిని రానిస్తామంది. మన స్పైసెస్ బోర్డు ఎగుమతి మిర్చికి సూడాన్ పరీక్షను తప్పనిసరి చేసింది. కానీ అప్పటికే కొంత పొడి బ్రిటన్ చేరిపోయి, ఒక ఘాటు సాస్ తయారీలో కలిసి, ఆ సాస్ వందల రకాల తయారీ వంటకాల్లో కలిసింది. 2005 ఫిబ్రవరిలో బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ ఆ జాబితా ప్రకటించినప్పుడు దుకాణాల నుంచి నాలుగు వందలకు పైగా సరుకులను వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఆక్యుమ్ కాలంలో సీసం, ఇప్పుడు సూడాన్. ఎరుపు మీద మోజు మాత్రం ఎప్పటిదో.

ఆ రభసతో మిర్చి వ్యాపారం రూపు మారింది. గుంటూరులో స్పైసెస్ బోర్డు ప్రయోగశాల వచ్చింది. ఎగుమతిదారుల నోట సూడాన్, అఫ్లా అన్న మాటలు రోజువారీ మాటలయ్యాయి. ఆ పొడిలో రంగు కలిపింది రైతు కాదు. రైతు కాయ అమ్ముతాడు, పొడి అమ్మడు. అయినా సరుకు నిలిచిపోయినప్పుడు ముందు పడిపోయేది కాయ ధరే.

ఇక పురుగు మందులు. ఉమ్మడి వరంగల్ జిల్లాకు ఇది పుస్తకాల్లో చదివిన విషయం కాదు. 1997-98 పంటకాలంలో పత్తిని లద్దె పురుగు తినేసినప్పుడు అప్పులపాలైన రైతులు చేనుకని తెచ్చిన మందే తాగారు. 1997 నుంచి 2002 దాకా వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో పురుగు మందు విషంతో చేరినవాళ్లు 8,040 మంది అని, వాళ్లలో 22.6 శాతం మంది చనిపోయారని 2005లో అచ్చయిన ఒక అధ్యయనం లెక్క తేల్చింది. 2002లో ఏ మందో తెలిసిన మరణాల్లో ఎక్కువ భాగం మోనోక్రోటోఫాస్, ఎండోసల్ఫాన్‌లవే. ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు ఆపించింది.

అంత మోతాదులో విషాన్ని గుర్తించడానికి గొప్ప యంత్రం అక్కర్లేదు, వాసనే చెబుతుంది. కాయలో మిగిలిన జాడను పట్టడమే కష్టం. ఐరోపాలో 2008 నుంచి అమలైన చట్టం ప్రకారం, ప్రత్యేకంగా పరిమితి పెట్టని మందు ఏదైనా కిలోకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదు. అంటే క్వింటాలు కాయలో ఒకే ఒక్క మిల్లీగ్రాము. దీన్ని చూడాలంటే క్రొమాటోగ్రఫీ ఒక్కటే చాలదు. అణువు బరువు తూచే మాస్ స్పెక్ట్రోమీటర్ దానికి జత కావాలి; ఆ జతనే ఎల్‌సీ-ఎంఎస్ అంటారు. జత చేయడమే దశాబ్దాల పాటు ఎవరికీ సరిగా కుదరలేదు: కాలమ్ ద్రవాన్ని కక్కుతుంది, మాస్ స్పెక్ట్రోమీటర్ శూన్యంలో తప్ప పనిచేయదు. ద్రవాన్ని సన్నటి సూది మొన నుంచి విద్యుత్ ఒత్తిడితో తుంపరగా చిమ్మితే, తుంపర ఆవిరై అణువులు విద్యుదావేశంతో మిగులుతాయని 1980ల్లో జాన్ ఫెన్ చూపించాడు. 2002లో అతనికి నోబెల్ వచ్చింది. సరిగ్గా ఆ మరుసటి ఏడే, 2003లో, అనస్టాసియాడెస్, లెహోటే బృందం నమూనా శుద్ధికి క్వెచర్స్ అనే చవకైన పద్ధతి ప్రచురించింది. రోజులు పట్టే పని గంటలోపుకు దిగింది.

మిర్చి నమూనా అంటే ప్రయోగశాలలో పనిచేసేవాళ్లకు మహా విసుగు. పొడి చేస్తుంటే తుమ్ములు, కళ్లమంట. పొడిని నీళ్లలో నానబెట్టి, అసిటోనైట్రైల్ అనే ద్రావకం పోసి, ఉప్పులు వేసి గిలకొట్టి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పుతారు. పైకి తేలే ద్రవం ఎర్రగా ఉంటుంది. అందులో వెతికే మందు కన్నా రంగు, నూనె, కారం కొన్ని లక్షల రెట్లు ఎక్కువ. అవన్నీ అలాగే యంత్రంలోకి పోతే తుంపర మొన మసకబారి, ఉన్న మందు కూడా లేనట్టు చూపిస్తుంది. అందుకే శుభ్రం చేసే పొడులు మరికొన్ని కలిపి, ఆ తర్వాతే కొన్ని మైక్రోలీటర్లు యంత్రానికి ఇస్తారు. తామర పురుగుకు కొట్టే ఇమిడాక్లోప్రిడ్‌నే తీసుకుంటే, మొదటి గదిలో 256 బరువున్న అయాన్‌నే దాటనిస్తారు. రెండో గదిలో దాన్ని వాయువుతో ఢీకొట్టించి పగలగొడతారు. మూడో గదిలో 209, 175 బరువున్న ముక్కలు కనిపించి, కాలమ్ నుంచి బయటికొచ్చిన సమయం కూడా సరిపోతే, అది ఇమిడాక్లోప్రిడ్డే. ఒక్క దఫాలో ఇలా వందల మందులను వెతుకుతారు.

యంత్రం ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న మిర్చి ఒక్కదానిదే కాదు. హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో సుమారు 90 మందుల తయారీ సంస్థల వ్యర్థజలాన్ని శుద్ధి చేసి వదిలే కేంద్రం ఉండేది. అక్కడి వాగులు చెడిపోయాయని రైతులు ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. ఆ నీళ్ల నమూనా స్వీడన్ చేరి, యోకిమ్ లార్సన్ బృందం ఎల్‌సీ-ఎంఎస్ మీద పెట్టి 2007లో ఫలితం ప్రచురించాక ప్రపంచం ఉలిక్కిపడింది: శుద్ధి చేశామన్న నీళ్లలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికన్నా ఎక్కువ. పటాన్‌చెరు రైతు ముక్కుకు ఎప్పుడో తెలిసిన సంగతికి అంకె స్వీడన్‌లో దొరికింది. అదీ హైదరాబాద్‌లోనే భారత రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) లాంటి చోట మాస్ స్పెక్ట్రోమెట్రీ నిపుణులు ఉండగా.

పొలం దాకా యంత్రం రావడం అసాధ్యమేమీ కాదని మహారాష్ట్ర ద్రాక్ష చూపించింది. 2003లో నెదర్లాండ్స్‌లో మన ద్రాక్షలో మెథోమిల్ అవశేషం బయటపడింది. దానితో ఎగుమతి తోటల నమోదు మొదలై, 2006లో గ్రేప్‌నెట్ అనే నమోదు వ్యవస్థ వచ్చింది. ఏ తోట, ఏ రైతు, ఎప్పుడు ఏ మందు కొట్టాడు, కోతకు ముందు తీసిన నమూనా ఫలితమేంటి, అన్నీ దానిలో ఉంటాయి. 2010లో క్లోర్‌మెక్వాట్ అనే ఎదుగుదల మందు అవశేషాలతో మళ్లీ పెద్ద దెబ్బ తగిలినా, ఆ ఏర్పాటు ఉంది గనక వెంటనే సర్దుకోగలిగారు. మిర్చికి అలాంటిది లేదు. కొన్ని కంపెనీలు కొందరు రైతులతో ఒప్పందాలు చేసుకుని తోటలు చూసుకుంటాయి గానీ, ఎనుమాములలో అడ్తి వ్యాపారి దగ్గర దిగిన బస్తా మరో వంద బస్తాలతో కలిసిపోయాక అది టేకుమట్లదో మహబూబాబాద్‌దో చెప్పే కాగితం ఉండదు. శుభ్రంగా పండించినవాడికీ, వారానికి రెండు సార్లు మందు కొట్టినవాడికీ ఒకటే జెండా పాట. పరీక్ష ఖర్చు ఎగుమతిదారుడిది, ఫలితం ఎగుమతిదారుడిది. రైతుకు అందేది ధర రూపంలో దాని నీడ.

దేశంలోపలి వంటింటికి వేరే కొలత కూడా ఉంది. 2024 ఏప్రిల్‌లో భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ, మన దేశంలో నమోదు కాని మందులకు మసాలా దినుసుల్లో పరిమితిని 0.01 నుంచి 0.1 మిల్లీగ్రాముకు సడలించింది. విమర్శలు వచ్చాయి. అదే కాయ, అదే యంత్రం. ఓడ ఎక్కే బస్తాకు ఒక అంకె, మన ఊరి గిర్నీకి పోయే బస్తాకు పది రెట్ల అంకె.

ప్రయోగశాల రైతు వైపు నిలబడిన సందర్భమూ ఈ ప్రాంతంలోనే ఉంది. చపాటా మిర్చి: లావుగా, గుండ్రంగా, టమాటాలా ఉండే కాయ. కారం తక్కువ, రంగు దండి. 2025లో దానికి వరంగల్ పేరుతో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దరఖాస్తు వెనుక తిమ్మంపేట రైతు ఉత్పత్తిదారుల సంఘం, మహబూబాబాద్ జిల్లా మల్యాలలోని ఉద్యాన పరిశోధన కేంద్రం, కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయం ఉన్నాయి. రంగు ఎంత, కారం ఎంత అని అంకెల్లో చూపగలగడం ఆ వాదనకు బలం. జెక్‌మైస్టర్ వెతికిన క్యాప్సాంథినే ఇక్కడ రైతుకు సాక్ష్యం చెప్పింది.

అసలు పరీక్ష అవసరమే లేకుండా చేసుకున్న ఊరూ ఉంది. జనగామ జిల్లా లింగాల ఘనపూర్ మండలంలోని ఏనెబావి 2006లో రసాయనాలు పూర్తిగా మానేసినట్టు ప్రకటించుకుంది. సుస్థిర వ్యవసాయ కేంద్రం, జనగామలోని క్రాప్స్ సంస్థ ఆ ఊరికి తోడు నిలిచాయి. చిన్న పల్లె గనక ఒకరి పొలం మీద ఒకరి కన్ను ఉంటుంది. కానీ పత్తికీ మిర్చికీ పెట్టుబడి పెట్టి అప్పు మీద నడిచే పెద్ద ఊళ్లకు ఆ దారి అంత తేలిక కాదు.

అది ఎంత కష్టమో 2021-22లో తేలింది. అంతకు ముందు ఈ చేలల్లో కనిపించని కొత్త రకం నల్ల తామర పురుగు పూతలోనే మిర్చి మీద పడింది. ఆగ్నేయాసియా ప్రాంతపు ఈ పురుగును మన దేశంలో 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద మొదట గుర్తించారు. భూపాలపల్లి, ములుగు, మహబూబాబాద్, ఖమ్మం జిల్లాల్లో తోటలకు తోటలు దున్నేశారు. దున్నే ముందు దుకాణంలో ఏది ఇస్తే అది కొట్టారు. బయో పేరుతో అమ్మిన డబ్బాలు కూడా వాటిలో ఉన్నాయి. ఆ డబ్బాల్లో కొన్నింటిలో లేబుల్ మీద లేని రసాయన మందులు కలుస్తున్నాయన్న ఫిర్యాదు మిర్చి ప్రాంతాల్లో కొత్తది కాదు. రైతు ఏ మందూ కొట్టలేదని ప్రమాణం చేస్తాడు, అది నిజమే; అయినా కాయలో మందు కనిపిస్తుంది, అదీ నిజమే.

1968 నాటి పురుగు మందుల చట్టం కింద ప్రభుత్వ ప్రయోగశాలలు దుకాణం నుంచి తెచ్చిన నమూనాలో ప్రధానంగా చూసేది లేబుల్ మీద రాసిన పదార్థం రాసినంత శాతం ఉందా లేదా అన్నదే. రాయనిది ఏముందో వెతకడం ఎల్‌సీ-ఎంఎస్ లాంటి యంత్రం పని. అది క్వింటాలు మిర్చిలో మిల్లీగ్రాము వెతికినంత కష్టం కూడా కాదు, డబ్బాలో మందు చిక్కగానే ఉంటుంది. రైతు చేలోకి దిగే ముందే, పంపులో మందు పోయక ముందే జరగాల్సిన పరీక్ష అది. ఎగుమతి బస్తాకు జరిగేటంత నిక్కచ్చిగా చిట్యాల, టేకుమట్ల దుకాణాల డబ్బాకు అది జరగడం లేదు.